నొప్పి మాత్రల వ్యసనం: ఇంటికొచ్చాక మొదలయ్యే వైద్యం

(బెంగళూరులో తెలుగు కుటుంబాల కోసం ఒక ఆదివారం ఉదయం ఇచ్చిన ప్రసంగానికి అక్షరరూపం. చివర సభలో వచ్చిన ప్రశ్నల్లో మూడు.)

నమస్కారం అండీ. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. ఇలాంటి సభకు వచ్చామని తెలిస్తే నలుగురూ ఏమనుకుంటారో అని చాలామంది చివరి వరసలోనే ఉండిపోతారు. ఇక్కడ ఎవరి పేరూ రాసుకోవడం లేదు, నిశ్చింతగా కూర్చోండి.

ఓపియానికి తెలుగులో పేరు నల్లమందు. గసగసాల కాయ పచ్చిగా ఉండగా గాటు పెడితే పాలు కారతాయి. అవి ఎండి నల్లబడితే నల్లమందు. మనకు జ్వరానికి వేసుకునేదీ మందే, సీసాలో తాగేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే. అందుకే డాక్టరు దగ్గరికొచ్చిన తల్లి "మావాడు మందుకు అలవాటు పడ్డాడండీ" అంటే ఆ ఒక్క ముక్కతో ఏమీ తేలదు. ఏ మందు, ఎంత, ఎలా తీసుకుంటున్నాడు, ఆఖరిసారి ఎప్పుడు తీసుకున్నాడు. ఈ నాలుగూ తెలిస్తే సగం పని అయినట్టే.

ఈరోజు మాట్లాడుకునేది ఓపియాయిడ్ల గురించి. నల్లమందు, అందులోంచి వచ్చే మార్ఫిన్, కోడీన్, మార్ఫిన్‌తో తయారుచేసే హెరాయిన్, అంటే వీధిలో బ్రౌన్ షుగర్ అనేది, ఇక ఫ్యాక్టరీల్లో తయారయ్యే ట్రమడాల్, టాపెంటడాల్, ఫెంటనిల్. ఇవన్నీ ఒకే కుటుంబం. గంజాయి ఈ కుటుంబంలోది కాదు, పార్టీల్లో వాడే ఎండీఎంఏ కాదు, ఆల్ప్రాజోలం, డయాజిపామ్ లాంటి నిద్రమాత్రలూ కావు. వాటి వైద్యం వేరు. నిద్రమాత్రలు రోజూ వేసుకునే మనిషి వాటిని ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికి వస్తుంది. తెలంగాణలో కల్తీ కల్లు దొరకని రోజుల్లో జనం ఫిట్స్‌తో, మతి తప్పి ఆస్పత్రుల్లో చేరేది ఇందుకే. ఆ కల్లులో కలిపేవి ఇలాంటి మాత్రలే. మీ అబ్బాయి రెండు రకాలూ కలిపి వాడుతున్నాడేమో మీకు తెలియదు. అందుకని కోపంలో అన్నీ ఒకేసారి లాక్కోకండి. దొరికిన ఖాళీ స్ట్రిప్పును పారేయకుండా, పేరూ మిల్లీగ్రాములూ కనపడేలా ఫోటో తీసి, స్ట్రిప్పుతో సహా డాక్టరుకు చూపించండి.

మందుల షాపులో మూత్రపరీక్ష కిట్ కొని, నెగెటివ్ వచ్చిందని ఊపిరి పీల్చుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. మామూలు కిట్‌లో ఓపియేట్ అని ఉండే గడి మార్ఫిన్ జాతిని పట్టుకుంటుంది. ట్రమడాల్, టాపెంటడాల్, ఫెంటనిల్ దానికి దొరకవు. వాటికి వేరే పరీక్షలున్నాయి. కిట్‌లో ఏమీ లేదని వచ్చిందని మీ అనుమానాన్ని పక్కన పెట్టేయకండి.

2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ తరఫున ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు దేశవ్యాప్తంగా చేసిన సర్వే వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల వయసువాళ్లలో 2.1 శాతం మంది, అంటే సుమారు 2.26 కోట్ల మంది, ఓపియాయిడ్లు వాడుతున్నారని తేలింది. హెరాయిన్ 1.14 శాతం, మందుల షాపు సరుకు 0.96 శాతం. చికిత్స అవసరమైనవాళ్లు దాదాపు 77 లక్షలు. మందుల షాపు సరుకన్న ఆ రెండో సంఖ్యే బెంగళూరు, చెన్నైలలో ఉండే మనకు దగ్గరిది.

ట్రమడాల్‌ను 2018 ఏప్రిల్‌లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. షాపుల్లో అది దొరకడం కష్టమయ్యాక టాపెంటడాల్ వాడకం పెరిగింది. 50, 75, 100 మిల్లీగ్రాముల మాత్రలు. నడుంనొప్పికి, ఆపరేషన్ తర్వాత నొప్పికి రాసే మందే అది, మందుగా దాని తప్పేమీ లేదు. చీటీ లేకుండా స్ట్రిప్పులకు స్ట్రిప్పులు చేతులు మారడంతోనే తంటా. దాన్ని పొడి చేసి, నీళ్లలో కలిపి, దూదితో వడకట్టి, ఇన్సులిన్ సిరంజితో నరానికి ఎక్కిస్తున్నారు. మాత్రలో మందు ఒక్కటే ఉండదు. గట్టిగా బిళ్ళలా నిలబడటానికి పిండి, టాల్క్, సెల్యులోజ్ కలుపుతారు. అవి కడుపులోకి వెళితే ఏమీ కాదు. నరంలోకి వెళితే కరగవు. దూది వడకట్టుకు అందని సన్నటి రేణువులు నరం గోడకు పేరుకుంటాయి, నరం తాడులా గట్టిపడుతుంది, చుట్టూ చీము గడ్డ కడుతుంది. కొన్ని గుండె దాటి ఊపిరితిత్తుల్లోని సన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. ఒకే సిరంజి ఇద్దరు ముగ్గురు వాడితే హెపటైటిస్ సి, హెచ్ఐవి. మోతాదు ఎక్కువైతే ట్రమడాల్, టాపెంటడాల్ రెంటితోనూ ఫిట్స్ వచ్చే ముప్పు ఉంది, హెరాయిన్‌తో అది అంతగా చూడం.

ఇంట్లో కనపడే గుర్తులు చెబుతాను. వేసవిలోనూ పొడుగు చేతుల చొక్కా. బాత్‌రూమ్‌లో ముప్పావుగంట. మంచినీళ్ల సీసా మూతలు విడిగా దొరకడం, వాటిలో తెల్లటి మరక. చీకటి గదిలో కూడా కంటిపాప ఆవగింజంతే ఉండటం. మాటిమాటికీ ముక్కు గోక్కోవడం. ఓపియాయిడ్లకు దురద ఉంటుంది. రోజుల తరబడి మలబద్ధకం. మందు అందని రోజు ఇదంతా తిరగబడుతుంది: కంటిపాప పెద్దదవుతుంది, ముక్కు కారుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ఆవులింతలు ఆగవు.

ఆ తిరగబడటాన్నే విత్‌డ్రాయల్ అంటాం. మెదడు కాండంలో మనల్ని మెలకువగా, అప్రమత్తంగా ఉంచే కణాల గుంపు ఒకటుంది. ఓపియాయిడ్ రోజూ దాన్ని అణిచిపెడుతుంటే, అది తన పని చేసుకోవడానికి రోజురోజుకీ గొంతు పెంచుకుంటూ పోతుంది. మందు ఆగిన రోజు ఆ గొంతును అణిచేవాళ్లు ఉండరు. హెరాయిన్, మామూలు టాపెంటడాల్ లాంటివైతే ఆఖరి మోతాదు తర్వాత 8 నుంచి 12 గంటలకు మొదలవుతుంది, రెండో మూడో రోజు పతాక స్థాయికి చేరుతుంది, వారం పది రోజుల్లో ఒంటి బాధ తగ్గుతుంది. ఒళ్లంతా గగుర్పాటు, ఎముకల్లోంచి నొప్పి, కాళ్లు ఒకచోట నిలవకపోవడం, నిద్ర అసలు పట్టకపోవడం. నాటకమాడుతున్నాడని అనకండి. కంటిపాపను, గగుర్పాటును ఎవరూ నటించలేరు.

ఇక్కడే ఇంటిల్లిపాదీ ఒక పొరపాటు చేస్తారు. ఈ వారం పది రోజులు ఎలాగోలా గడిపేస్తే మావాడు బాగైపోతాడు అనుకుంటారు. గదిలో పెట్టి తాళం వేస్తారు, లేదా ఎక్కడో చేర్పించి ఒళ్లు కడిగించుకొస్తారు, అంటే ఒంట్లోని మందంతా దిగేదాకా ఉంచి తెస్తారు. ఒంటి బాధ తగ్గుతుంది, నిజమే. కోరిక తగ్గదు. నిద్ర, మనసు నెలల తరబడి కుదుటపడవు. తగ్గేది ఇంకొకటుంది, అదే అసలు ప్రమాదం. అది తట్టుకునే శక్తి.

రోజుకు పది మాత్రలు వేసుకునే మనిషి ఊపిరి ఆగకుండా ఎలా ఉన్నాడు? శ్వాసను నడిపే మెదడు భాగం ఆ మోతాదుకు అలవాటు పడింది కాబట్టి. రెండు మూడు వారాలు మానేసరికి ఆ అలవాటు పోతుంది. మనసుకు మాత్రం పాత లెక్కే గుర్తుంటుంది. ఇంటికొచ్చిన నాలుగో రోజో పదో రోజో, ఏదో మాటా మాటా వచ్చి, పాత స్నేహితుడు కనపడి, పాత మోతాదే వేసుకుంటాడు. ఊపిరి ఆగిపోతుంది. డీ-అడిక్షన్ సెంటర్ నుంచో జైలు నుంచో బయటికొచ్చిన మొదటి నాలుగు వారాలు మరణాలు ఎక్కువగా ఉండేది ఇందుకే. "మూడు నెలలు బాగానే ఉన్నాడండీ, మానేశాడు కూడా, అయినా ఇలా జరిగింది" అంటారు తల్లిదండ్రులు. మానేశాక పాత మోతాదు ఆ ఒంటికి విషంతో సమానమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

దీన్ని ఒక పరిశోధన కళ్లకు కట్టింది. 2003లో స్వీడన్ నుంచి వచ్చింది. 40 మంది హెరాయిన్ రోగులు. ఇరవైమందికి రోజూ 16 మిల్లీగ్రాముల బుప్రెనార్ఫిన్, అంటే ఈ వ్యసనానికి వైద్యంగా ఇచ్చే మందు, ఏడాది పొడుగునా. మిగతా ఇరవైమందికి అదే మందు ఆరు రోజుల్లో తగ్గించి, తర్వాత ఉత్తుత్తి మాత్రలు. కౌన్సెలింగ్ ఇద్దరికీ సమానం. ఏడాది తిరిగేసరికి మొదటి గుంపులో 75 శాతం వైద్యంలో ఉన్నారు. రెండో గుంపులో ఒక్కరూ మిగల్లేదు. ఆ ఇరవైలో నలుగురు చనిపోయారు. మొదటి గుంపులో మరణం లేదు. ఫ్రాన్స్‌లో 1990ల నడుమ మామూలు డాక్టర్లకు కూడా ఈ మందు రాసే వీలు కల్పించాక, నాలుగేళ్లలో అధిక మోతాదు మరణాలు దాదాపు ఐదింట నాలుగు వంతులు తగ్గిపోయాయి. ఈ పూట మీరు ఇక్కడినుంచి ఏం పట్టుకెళ్లినా పట్టుకెళ్లకపోయినా ఇది పట్టుకెళ్లండి: కడిగించుకొచ్చి వైద్యపు మందు లేకుండా ఇంటికి తేవడం కన్నా, ఆ వైద్యపు మందు మీద ఉంచి ఇంటికి తేవడం ఎన్నో రెట్లు క్షేమం.

ఆ మందులేమిటి? ప్రధానంగా మూడు.

మెదడులో ఓపియాయిడ్లు కూర్చునే చోట్లను ఆర్టీసీ బస్సులో సీట్లనుకోండి. బుప్రెనార్ఫిన్ కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టే మనిషి లాంటిది. ఒకసారి పట్టిందంటే హెరాయిన్ వచ్చినా లేవదు. పైగా అది సగం పనే చేస్తుంది. బాధ రానివ్వదు, కోరికను అణుస్తుంది, కానీ మోతాదు పెంచినకొద్దీ ఊపిరిని అణిచివేస్తూ పోదు, ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. అందుకే అది క్షేమం. మెథడోన్ పూర్తి పని చేసే మందు, సిరప్ రూపంలో రోజూ కళ్లముందే తాగిస్తారు. మన దేశంలో 2012 నుంచి ఉంది కానీ కొన్ని ప్రభుత్వ కేంద్రాల్లోనే దొరుకుతుంది, గుండె ఈసీజీ చూసుకుంటూ ఇవ్వాలి. ఈ రెంటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మూడోది నాల్ట్రెక్సోన్, రోజుకు 50 మిల్లీగ్రాములు. అదీ సీటు పడుతుంది కానీ ఏ పనీ చేయదు, ఊరికే అడ్డంగా కూర్చుంటుంది. మానాలన్న పట్టుదల గట్టిగా ఉండి, రోజూ ఎదురుగా నిలబడి మింగించే మనిషి ఇంట్లో ఉన్నవాళ్లకు పనికొస్తుంది. మొదలుపెట్టే ముందు 7 నుంచి 10 రోజులు ఒంట్లో ఓపియాయిడ్ లేకుండా ఉండాలి. లేదంటే భయంకరమైన విత్‌డ్రాయల్ వస్తుంది. నాల్ట్రెక్సోన్ మధ్యలో మానేసినవాళ్లకు తట్టుకునే శక్తి ఏమీ మిగలదన్నది గుర్తుంచుకోండి.

బుప్రెనార్ఫిన్ మొదటి రోజు గురించి కొంచెం నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే చెడిపోయేది అక్కడే. ఈ మందు సీట్లోవాళ్లను లేపేసి కూర్చుంటుంది. ఒంట్లో ఇంకా హెరాయినో టాపెంటడాలో ఉండగా వేస్తే, పూర్తి పని చేసేదాన్ని తోసేసి సగం పని చేసేది కూర్చుంటుంది. అరగంట, గంటలో విత్‌డ్రాయల్ ఒక్కపెట్టున విరుచుకుపడుతుంది. ఆ అనుభవం ఒకసారి అయిందంటే "ఈ మందు నాకు పడదు" అని మళ్లీ ముట్టరు. కాబట్టి ఆఖరి మోతాదు తర్వాత కనీసం 12 గంటలు ఆగాలి, నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలైతే 24 గంటలు, మెథడోన్ అయితే ఇంకా ఎక్కువ. గడియారం ఒక్కటే చాలదు. నాడి, చెమట, కంటిపాప, ఆవులింతలు, గగుర్పాటు, వణుకు లాంటి పదకొండు అంశాలకు మార్కులు వేసి చూసే పట్టిక ఉంది. బాధ నిజంగా మొదలైందని అందులో తేలాకే మొదటి మాత్ర. రోగికి ఒకటే చెప్పండి: ఆఖరిసారి ఎప్పుడు వేసుకున్నావో డాక్టరుకు అబద్ధం చెప్పకు, నష్టపోయేది నువ్వే.

మొదటి మోతాదు మామూలుగా 2 నుంచి 4 మిల్లీగ్రాములు. గంట రెండు గంటలు కూర్చోబెట్టి చూస్తారు. బాధ తగ్గితే సరే, తగ్గకపోతే ఇంకొంత ఇస్తారు. మొదటి రోజు సాధారణంగా 8 దాటరు. తర్వాతి రోజుల్లో కోరిక పూర్తిగా అణిగే దాకా పెంచుతారు. చాలామందికి 8 నుంచి 16 మధ్య కుదురుతుంది. మన దగ్గర ఒక పొరపాటు తరచూ జరుగుతుంది: తక్కువ మందే మంచిదని 2 మిల్లీగ్రాముల దగ్గరే ఆపేస్తారు. సాయంత్రానికల్లా ఒళ్లు లాగుతుంది, మనిషి మళ్లీ స్ట్రిప్పు కోసం బయటికెళతాడు, "మందు పనిచేయలేదు" అంటారు. మోతాదు చాలలేదు, అంతే.

మాత్ర వేసుకోవడం కూడా నేర్చుకోవాల్సిన పనే. ముందు ఒక గుక్క నీళ్లతో నోరు తడపాలి. మాత్రను నాలుక కింద పెట్టి, తల కాస్త వంచి, మాట్లాడకుండా 5 నుంచి 10 నిమిషాలు ఉండాలి. ఊరే ఉమ్ము మింగకూడదు. మింగేస్తే కాలేయం దాన్ని విరిచేస్తుంది, ఫలితం చాలా తగ్గిపోతుంది. అరగంట ముందు సిగరెట్టు, గుట్కా వద్దు. పూర్తిగా కరిగాక నీళ్లతో పుక్కిలించి మింగేయాలి, ఆ తర్వాత ఒక గంట దాకా పళ్లు తోమకూడదు. ఈ మందుతో పళ్లు పాడయ్యే అవకాశం ఉంది, ఇలా చేస్తే తగ్గుతుంది. మాత్రలో బుప్రెనార్ఫిన్‌కు నాలుగింట ఒక వంతు నలాక్సోన్, అంటే ఓపియాయిడ్లకు విరుగుడు, కలిపి ఉంటుంది, 2 మిల్లీగ్రాములకు అర మిల్లీగ్రాము చొప్పున. నాలుక కింద పెడితే దాని ప్రభావం ఏమీ ఉండదు. ఎవరైనా దాన్ని కరిగించి సూదికెక్కిస్తే మాత్రం విత్‌డ్రాయల్ తెప్పిస్తుంది. మలబద్ధకం, చెమటలు, తలనొప్పి కొందరికి ఉంటాయి. నీళ్లు, పీచు, అవసరమైతే విరేచన మందు సరిపోతాయి. మద్యం, ఆల్ప్రాజోలం, నరాల నొప్పికి రాసే ప్రీగాబలిన్ మాత్రం ఈ మందుతో కలవకూడదు. ఊపిరి ఆపేసేది ఆ కలయికే.

ఎన్నాళ్లు? ఏడాది కన్నా తక్కువ ఆలోచించకండి. చాలామందికి రెండు మూడేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ. ఉద్యోగం నిలబడి, నిద్ర కుదిరి, అప్పులు ఒక దారికొచ్చి, పాత నంబర్లు ఫోన్లోంచి పోయాక, తనే తగ్గిద్దామంటే అప్పుడు నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. ఆఖరి 2 మిల్లీగ్రాములే అందరికీ కష్టం. పెళ్లి చూపులున్నాయనో, చుట్టాలొస్తున్నారనో తొందరపెట్టకండి. గర్భిణి అయితే అసలు ఆపకూడదు. ఆపితే బిడ్డకు ప్రమాదం. మందు మీదే ఉంచి కాన్పు చేయిస్తారు, పుట్టిన బిడ్డకు కొన్నాళ్లు బాధ ఉంటే దానికీ వైద్యం ఉంది.

సూది వాడినవాళ్లకు హెచ్ఐవి, హెపటైటిస్ బి, సి పరీక్షలు తప్పనిసరిగా చేయించండి. హెపటైటిస్ సి ఇప్పుడు నయమయ్యే జబ్బు. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితంగా, చాలామందికి 12 వారాల మాత్రలతో పోతుంది.

సరే, ఎక్కడికి వెళ్లాలి? బెంగళూరులో హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకే ప్రత్యేక విభాగం ఉంది. అనంతపురం, చిత్తూరు, కడప నుంచి రాత్రి బస్సులో వచ్చి పొద్దున్నే వరసలో నిలబడే తెలుగువాళ్లు అక్కడ ఎప్పుడూ ఉంటారు. చెన్నైలో కీల్పాక్ మానసిక ఆరోగ్య సంస్థ ప్రభుత్వానిది. 1980లో శాంతి రంగనాథన్ గారు మొదలుపెట్టిన టీటీకే ఆస్పత్రి వ్యసన చికిత్సకే అంకితమైంది. సూదితో వాడేవాళ్లకు ఎయిడ్స్ నియంత్రణ సంస్థల ద్వారా నడిచే కేంద్రాల్లో బుప్రెనార్ఫిన్ ఉచితం. ఫోన్లో మాట్లాడాలంటే 14416, అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను. 2022 అక్టోబరు 10న మొదలైంది, తెలుగులో మాట్లాడొచ్చు. వ్యసనాలకు ప్రత్యేకంగా 14446.

ఊళ్లలో గోడల మీద, ఆటోల వెనక కనపడే ప్రైవేటు సెంటర్ల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మంచివి ఉన్నాయి. కానీ "అడ్రస్ చెప్పండి, రాత్రికి బండి పంపిస్తాం, మేమే ఎత్తుకొస్తాం" అనే చోటికి మీ బిడ్డను పంపకండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తుపదార్థాల వ్యసనం కూడా వైద్యం పొందే హక్కున్న జబ్బే. ఇష్టం లేని మనిషిని చేర్చాలంటే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి అవసరమని తేల్చాలి, అదీ మొదట 30 రోజుల వరకే. గొలుసుతో కట్టడం ఏ రూపంలోనూ నేరమే. చేర్చే ముందు అడగండి: రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తారా? సైకియాట్రిస్టు వారానికి ఎన్నిసార్లు వస్తారు, పేరేమిటి? బుప్రెనార్ఫిన్ ఇస్తారా, లేక ఒట్టి ప్రార్థనలు, యోగాలేనా? రాత్రి ఫిట్స్ వస్తే ఏ ఆస్పత్రికి తీసుకెళతారు? వారంలో ఎప్పుడైనా వచ్చి ఒంటరిగా మాట్లాడనిస్తారా? ఇంటికి పంపేటప్పుడు మందు ఎవరిస్తారు? ఆఖరి ప్రశ్నకు "ఇక మందక్కర్లేదు, పూర్తిగా నయం చేసి పంపిస్తాం" అని జవాబు వస్తే, ఓపియాయిడ్ల విషయంలో ఆ చోటు వద్దు. ఆరోగ్య బీమా ఉంది కదా అని ధైర్యపడేముందు పాలసీ చదవండి. మత్తుపదార్థాల చికిత్సను మినహాయించే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది.

పోలీసు భయంతో ఆస్పత్రికి రానివాళ్లున్నారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. సొంత వాడకం, లేదా చిన్న పరిమాణంలో దొరికిన కేసుల్లో, వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట వైద్యానికి ముందుకొచ్చి పూర్తి చేస్తే విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. అమ్మినవాడికి వర్తించదు. కేసు ఉంటే లాయరుతో ఈ సెక్షన్ సంగతి మాట్లాడండి.

ఇక అధిక మోతాదు. గురక అనుకుని వదిలేసిన ప్రాణాలు ఎన్నో. గొంతులో గరగరలాడే వింత గురక, మధ్యమధ్య ఆగిపోయే ఊపిరి, సూదిమొనంత కంటిపాప, పెదవి లోపలి వైపు, గోళ్లు నీలంగానో బూడిదరంగుగానో మారడం. పేరు పెట్టి పిలవండి. పలక్కపోతే పిడికిలి కణుపులతో రొమ్ముఎముక మీద గట్టిగా రుద్దండి. అప్పటికీ లేవకపోతే 108కి ఫోన్ చేయండి. వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోట్లోకి ఊపిరి ఊదండి, 5 సెకన్లకు ఒకటి చొప్పున, ఛాతీ లేస్తోందో లేదో చూస్తూ. ఊపిరి సొంతంగా ఆడుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, వాంతి గొంతులోకి పోకుండా. ఉప్పునీళ్లు, మజ్జిగ, నిమ్మరసం పోయకండి. మింగలేని మనిషికి పోసింది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. బాత్‌రూమ్‌లో కూర్చోబెట్టి చన్నీళ్లు పోస్తూ సమయం పోగొట్టకండి.

దీనికి విరుగుడు నలాక్సోన్ ఇంజెక్షన్, ఒక ఆంపూల్‌లో 0.4 మిల్లీగ్రాములు. తొడ కండకు కూడా వేయొచ్చు, రెండు మూడు నిమిషాల్లో ఊపిరి అందుకోకపోతే మళ్లీ వేస్తారు. ఇంట్లో ఉంచుకోవడం, వేయడం నేర్పమని మీ డాక్టరును అడగండి. దాని బలం అరగంట నుంచి గంటన్నర మాత్రమే, ఒంట్లోని మందు అంతకన్నా ఎక్కువసేపు ఉంటుంది. లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లి తీరాలి. అక్కడ ఏం తీసుకున్నాడో దాచకుండా చెప్పండి.

ఒక్క మాట చెప్పి ప్రశ్నలకు వస్తాను. ఇదంతా విని, ఇంట్లో క్యాన్సర్‌తో ఉన్న పెద్దవాళ్లకు డాక్టరు రాసిన మార్ఫిన్ ఆపేయకండి. ఆ నొప్పికి అదే సరైన మందు. డాక్టరు చూస్తుండగా ఇచ్చే ఆ మార్ఫిన్, నేను చెబుతున్న వ్యసనం ఒకటి కావు. నొప్పితో చనిపోనివ్వడం మహాపాపం.

ప్రశ్న: డాక్టరు గారూ, ఒక మత్తు తీసేసి ఇంకో మత్తు తగిలించినట్టే కదండీ ఇది? జీవితాంతం మందు మీదే ఉండాలా?

మంచి ప్రశ్న అమ్మా. వ్యసనం అంటే మందు రోజూ వేసుకోవడం కాదు. మన ఇళ్లలో షుగరు మాత్ర రోజూ వేసుకునేవాళ్లను వ్యసనపరులనం. దాని కోసం దొంగతనం చేయడం, ఉద్యోగం పోయినా ఆగలేకపోవడం, రోజంతా అదే ధ్యాస, ఇది వ్యసనం. సరైన మోతాదులో బుప్రెనార్ఫిన్ మీద ఉన్న మనిషికి మత్తు ఉండదు. పొద్దున నాలుక కింద మాత్ర పెట్టుకుని, స్నానం చేసి, డ్యూటీకి వెళ్లిపోతాడు. ఆ మాత్ర మానేస్తే ఒళ్లు బాధపడుతుంది, అది నిజం, అందుకే నెమ్మదిగా తగ్గిస్తాం. జీవితాంతమా అంటే, కొందరికి కావచ్చు. అబ్బాయి బతికి, పనిచేసుకుంటూ, ఇంట్లో భోజనం చేస్తూ ఉంటే ఆ ఒక్క మాత్ర గురించి నేనైతే తొందరపడను.

ప్రశ్న: మా తమ్ముడు రానంటాడు. అన్నంలోనో కాఫీలోనో కలిపి ఇచ్చే మందు ఉందట కదా?

అలాంటిది ఏదీ ఇవ్వకండమ్మా. తాగుడుకు అలా కలిపి ఇచ్చేది డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉన్న సంగతి తెలియక మద్యం తాగితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. ఓపియాయిడ్లు వాడే మనిషికి తెలియకుండా నాల్ట్రెక్సోన్ కలిపితే ఆ రాత్రే తీవ్రమైన విత్‌డ్రాయల్, వాంతులు, విరేచనాలు. బుప్రెనార్ఫిన్ మింగితే ఫలితం చాలా తక్కువ. అతను రాకపోతే ముందు మీరు వెళ్లండి. కుటుంబం వాళ్లు ఒంటరిగా వచ్చి డాక్టరుతో మాట్లాడటానికి ఏ అడ్డూ లేదు. తమ్ముడితో గొడవ పడని పూట చూసి, మందు అందక ఒళ్లు లాగుతున్న పొద్దున అడగండి: "ఈ బాధ ఈరోజే తగ్గించే మాత్ర ఒకటుందట, వెళదామా?" మానేయమని అడిగితే రాడు. బాధ తగ్గిద్దాం అంటే వచ్చేవాళ్లు చాలామంది.

ప్రశ్న: మాది అనంతపురం అండీ. ఇక్కడ వైద్యం మొదలుపెట్టి ఊరికి వెళ్లిపోతే మాత్రలు అక్కడి షాపుల్లో దొరుకుతాయా?

దొరకవండీ, ముందే తెలిసి ఉండటం మంచిది. ఈ మందును మామూలు మెడికల్ షాపులకు ఇవ్వరు, వ్యసన చికిత్సా కేంద్రాల ద్వారానే అందుతుంది. కాబట్టి ఇక్కడ డిశ్చార్జి అయ్యేముందే డాక్టరును అడగండి: మా జిల్లాకు దగ్గరలో ఏ కేంద్రంలో ఉంది, వాళ్లకు ఉత్తరం రాసిస్తారా? అది కుదరకపోతే ఎన్ని రోజులకొకసారి ఇక్కడికి రావాలో తేదీలు ఇప్పుడే రాయించుకోండి. మాత్రలు అయిపోయే రోజుకు నాలుగైదు రోజులు ముందే టికెట్టు బుక్ చేసుకోండి. పండగ రోజుల్లో బస్సులు దొరక్క ఒక్క రెండు రోజులు తప్పినా అన్నాళ్ల కష్టం పోతుంది. ప్రయాణంలో మాత్రలను స్ట్రిప్పులోనే, చీటీతో కలిపి ఉంచండి, విడిగా పొట్లం కట్టకండి. ఇంట్లో మాత్రలుండే పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి. ఇంట్లో చిన్నపిల్లలున్నారా? ఉంటే ఈ తాళం మాట అసలు మరిచిపోకండి, పెద్దవాడికి ప్రాణం నిలిపే ఒక్క మాత్ర రెండేళ్ల పాపకు ఊపిరి ఆపేస్తుంది.